పీర్ల ఊరేగింపు నడపడం ఎలా: ఒక పాత కండక్టరు లెక్కలు

ముప్పై ఏళ్ళు ఆర్టీసీలో కండక్టరుగా చేశాను. అనంతపురం నుంచి నార్పల, తాడిపత్రి, ధర్మవరం వైపు పల్లె వెలుగు బస్సుల్లోనే సర్వీసంతా గడిచిపోయింది. రిటైరై ఇంటికొచ్చిన మూడో నెలలోనే మా ఊరి పీర్ల పండగ (మొహర్రం) లెక్కల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "చిల్లర సరిగ్గా ఇచ్చేటోడివి, జనాన్ని లోపలికి జరిపేది తెలిసినోడివి, నీకంటే ఎవరున్నారప్పా" అన్నారు. ఇన్నేళ్ళు నడిపాను. ఇప్పుడు మోకాళ్ళు మాట వినడం లేదు. పుస్తకం కుర్రాళ్ళకు ఇచ్చేస్తున్నాను. పుస్తకంలో లేనివి ఇక్కడ రాస్తున్నాను.

గూగూడు కుళ్ళాయస్వామి పండగలాంటి పెద్ద జాతరకు ఈ లెక్కలు సరిపోవు. అక్కడ పోలీసులు, స్పెషల్ బస్సులు, క్యూ లైన్లు అన్నీ ఉంటాయి. నేను చెప్పేది నూట నలభై గడపలు, ఒక పీర్ల చావిడి, ఒక చెరువు ఉన్న ఊరి సంగతి. మా ఊళ్ళో ముస్లింల ఇళ్ళు పదకొండే. పండగ మాత్రం నూట నలభై ఇళ్ళదీ. మా వైపు హిందువుల ఇళ్ళలో కుళ్ళాయప్పలు, హుస్సేనప్పలు, మస్తానమ్మలు ఎంతమంది ఉన్నారో చూస్తే మీకే అర్థమవుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. పీర్లను, అంటే ఇత్తడి పంజాలను, పెట్టెలోంచి తీయడం, చింతపండుతో తోమడం, వాటికి దట్టీలు (మొక్కు గుడ్డలు) కట్టడం, చక్కెర మీద ఫాతెహా చదివించడం, ఏ రోజు చిన్న సరిగెత్తో (ఊరేగింపో) ఏ రోజు పెద్ద సరిగెత్తో చెప్పడం అంతా ముజావర్ పని, అంటే పీర్ల పూజారి పని. అందులో వేలు పెట్టొద్దు. దేవుడి పని ఆయనది, దారి పని మనది.

ముందు క్యాలెండరు చూడండి

మొహర్రం చంద్రుణ్ణి బట్టి వచ్చే నెల. ఏటా పది పన్నెండు రోజులు ముందుకు జరుగుతుంది. 2009లో పదో రోజు డిసెంబరు 28న వచ్చింది. 2023లో జూలై 29, 2024లో జూలై 17, 2025లో జూలై 6. తేదీ మారితే ఏముందిలే అనుకునేరు. చందా మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది.

డిసెంబరులో పండగొస్తే శనక్కాయలు అమ్మేసి ఉంటారు, చేతిలో డబ్బాడుతుంటుంది. అడక్కముందే ఐదొందల నోటు తీస్తారు. జూన్, జూలైలో వస్తే అదే మనిషి విత్తనక్కాయలకు అప్పు చేసి ఉంటాడు. ఆకాశం వైపు చూస్తూ కూర్చున్నవాడి దగ్గరికి రసీదు పుస్తకం పట్టుకుని పోకండి. ఇలాంటి ఏళ్ళలో డబ్బు బదులు వస్తువు, పని అడగండి. ఒకరు ట్రాక్టరు ఒక పూట, ఒకరు చింత మొద్దులు, ఒకరు పది కిలోల బెల్లం, ఒకరు రెండు ట్యాంకర్ల నీళ్ళు. వాటికి కూడా వెల కట్టి పుస్తకంలో పేరు రాయండి. నోటు ఇచ్చినవాడి పేరు పైన, మొద్దులు ఇచ్చినవాడి పేరు కింద రాస్తే మరుసటి ఏడు మొద్దులు రావు.

ఇంకో సంగతి. 2029కల్లా పండగ మే నెల ఎండల్లోకి జారుతుంది. మే నెల అనంతపురం ఎండలో నిప్పుల గుండం, పులివేషం, ఊరేగింపు! కుర్రాళ్ళూ, నీళ్ళ డ్రమ్ములు ఇప్పటి నుంచే కూడబెట్టుకోండి.

వెదురుతో ఊరు చుట్టండి

పోలీస్ స్టేషన్లో అర్జీ ఇవ్వడం అందరికీ తెలిసిందే. ఏ వీధి నుంచి ఏ వీధికి, ఎన్ని గంటలకు మొదలు, ఎన్నింటికి ముగింపు, ఇద్దరి ఫోన్ నంబర్లు. అంతే.

అందరూ మరిచిపోయేది కరెంటు తీగలు. పీరు అంటే పొడుగాటి వెదురు, పైన ఇత్తడి పంజా. దట్టీ మీద దట్టీ కడతారు, చెమటకో నీళ్ళకో అవి తడుస్తాయి. మోసేవాడు పూనకంలో ఉంటాడు, పైకి చూడడు. మా ఊళ్ళో వీధి తీగలు కొన్నిచోట్ల ఎంత కిందికి వేలాడుతున్నాయంటే గడ్డి ట్రాక్టరు కూడా ఒంగి పోవాల్సిందే. అందుకని పండగకు వారం ముందు నేనొక పని చేస్తాను. మా పెద్ద పీరు ఎంత ఎత్తుంటుందో అంతకు మూర ఎక్కువ పొడుగున్న ఎండు వెదురు తీసుకుంటాను. పట్టపగలు దాన్ని పక్కన నిలబెట్టుకుంటూ దారంతా నడుస్తాను. తీగలకు ఆనించను, కంటితోనే కొలుస్తాను. ఎక్కడ తక్కువ అనిపిస్తే అక్కడ గోడ మీద సున్నంతో గుర్తు పెడతాను. తర్వాత లైన్‌మన్‌ను తీసుకొచ్చి ఆ గుర్తులు చూపిస్తాను. తీగ బిగిస్తాడా, ఊరేగింపు టైముకు ఎల్సీ (లైన్ క్లియర్) తీసుకుని సరఫరా ఆపుతాడా అన్నది ఆయన చూసుకుంటాడు. మీ అంతట మీరు కర్రతో తీగ ఎత్తే తెలివితేటలు చూపించొద్దు. పొలాల పక్కనుండే పదకొండు వేల వోల్టుల లైను కింద నుంచి అయితే అసలు పోవద్దు, దారి మార్చండి.

మొదటి ఏడు నేను వెదురు పట్టుకుని తిరుగుతుంటే పిల్లలు వెనకపడ్డారు. "తాతా, నీకు కూడా పూనిందా?"

గుండం

మా గుండం చావిడి ముందర, ఎప్పుడూ ఒకే చోట. గుద్దలి ముజావర్ పెట్టాక తవ్వకం మనం చేస్తాం. మొద్దులు చింతవే వాడండి, నిప్పు నిలుస్తుంది. పాత తలుపులు, ద్వారబంధాలు, ప్లైవుడ్డు, రంగు వేసిన చెక్క ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఎందుకంటే ఒక ఏడు ఇల్లు కొత్తగా కట్టుకున్నాయన భక్తితో పాత ద్వారబంధం మొత్తం తెచ్చి వేశాడు. తెల్లవారుజామున పీరు మోసేవాడు నిప్పుల్లో దిగి అవతలికి పోయాడు. నిప్పు ఏమీ చేయలేదు. మేకు దిగింది. అతను ఆ ఏడు ఊరేగింపు ఎడ్లబండి మీద కూర్చుని చూశాడు.

అప్పటి నుంచి చెడిపోయిన పాత స్పీకర్‌లోని అయస్కాంతం ఒకటి తాడుకు కట్టి, గుండం తవ్విన రోజే మట్టిలో, పాత బూడిదలో ఈడ్చుకుంటూ తిరుగుతాను. మొదటి ఏడు పద్నాలుగు మేకులు, ఒక గొళ్ళెం, రెండు సైకిల్ బాల్స్ వచ్చాయి. గుండం చోటు మారదు కదా, పోయినేటి మేకు ఈ ఏడు కాలికి దొరుకుతుంది.

మిగతావి త్వరగా చెబుతాను. నిప్పుల మీద కిరోసిన్, పెట్రోల్ చల్లనివ్వొద్దు. గుండానికి పది అడుగుల దూరంలో తాడు కట్టండి, తాడు దగ్గర తాగని మనుషులను నిలబెట్టండి. చంటిపిల్లలను ఎత్తుకుని నిప్పుల్లో దిగుతామని మొక్కుకున్నవాళ్ళుంటారు. ముజావర్‌తోనే చెప్పించండి, బిడ్డను పీరుకు తాకిస్తే మొక్కు తీరిందని. మా ముజావర్ తాత ఆ మాట చెప్పేదాకా నేను చెప్పింది ఒక్కరూ వినలేదు. కాలితే చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయండి. పేస్టు, ఇంకు, పసుపు పూయకండి. 108కు ఎవరు ఫోన్ చేయాలో ముందే ఒక మనిషిని అనుకోండి. లేకపోతే వందమంది వీడియో తీస్తారు, ఒక్కరూ ఫోన్ చేయరు.

దారి లెక్క

ఊరేగింపులో తగాదాలు మతం వల్ల వస్తాయని టౌన్లో వాళ్ళు అనుకుంటారు. మా ఊళ్ళో ఇన్నేళ్ళలో అలాంటిది ఒక్కటీ నా ఎదుట రాలేదు. వచ్చినవన్నీ "ముందు మా గడప" అన్నదాని మీదే.

పీరు వాకిట్లోకి రాగానే ఇంటి ఆడవాళ్ళు బిందెతో మోసేవాడి కాళ్ళకు నీళ్ళు పోస్తారు. చక్కెర ఇస్తారు, ఊదు వేస్తారు, మొక్కున్నవాళ్ళు దట్టీ కడతారు. ఎంత తొందరపెట్టినా ఇంటికి రెండు నిమిషాలు. నూట నలభై ఇళ్ళు, రెండు వందల ఎనభై నిమిషాలు, అంటే నాలుగు గంటల నలభై నిమిషాలు. మూడు చోట్ల పులి ఆడుతుంది, తలా పావుగంట. మొత్తం ఐదు గంటల ఇరవై ఐదు నిమిషాలు. రాత్రి ఏడింటికి కదిలితే పన్నెండున్నరకు చావిడి చేరాలి. నేను పుస్తకం తీసుకునేనాటికి రాత్రి రెండు దాటేది. ఆ గంటన్నర ఎక్కడ పోతోందో ఒక ఏడు వాచీ పట్టుకుని చూశాను. రెండంతస్తుల ఇళ్ళ దగ్గర పోతోంది. అక్కడ ఫోటోలు, శాలువాలు, బెంగళూరు నుంచి వచ్చిన అల్లుడు చొక్కా మార్చుకుని వచ్చేదాకా ఆగడం.

ఆ గంటన్నర ఎవరి నెత్తిన పడుతోంది? చివరి వీధి మీద. చివరి వీధి ఎప్పుడూ ఎస్సీ కాలనీయే. ఒక ఏడు అక్కడికి పోయేసరికి ఒక పెద్దావిడ గడపలో బిందె పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది. మాట నిష్ఠూరంగా లేదు, మామూలుగానే అంది: "కండక్టరు సామీ, మీ బస్సు ఎప్పుడూ మా స్టేజీకి లాస్టేనా? పిల్లోళ్ళు చూస్తామని చూస్తామని నిద్రపోయినారు."

ముప్పై ఏళ్ళు లాస్ట్ స్టేజీ జనంతో మాటలు పడినవాణ్ణి. ఆ మాట తగిలింది.

అందుకే రెండు పనులు చెబుతాను. ఒకటి, బస్సుకు ఉన్నట్టు స్టేజీలు, టైములు రాయండి. రామాలయం 7-40, పాల డెయిరీ 8-30, ఇలా. ఆ కాగితం చావిడి గోడకు అంటించండి. ఫోటోల దగ్గర ఆగినప్పుడు మీరు అరవక్కర్లేదు, తర్వాతి స్టేజీవాళ్ళే వచ్చి అరుస్తారు. రెండోది ముఖ్యం: ఒక ఏడు ఈ చివర నుంచి, మరుసటి ఏడు ఆ చివర నుంచి మొదలుపెట్టండి.

రెండోది అంత సులభంగా జరగలేదని ఒప్పుకోవాలి. "మా తాతల కాలం నుంచి మొదటి గడప మాది" అన్నారు పెద్దింటివాళ్ళు. మూడు రాత్రులు పంచాయితీ. చివరికి ముజావర్ తాత, "పీరు యాడికి లాగితే ఆడికి పోదాం. మనదేముంది?" అన్నాడు. ఆ రాత్రి పెద్ద పీరు చావిడి గడప దాటగానే ఒక్క ఊపున కాలనీ వైపు తిరిగింది. వెనక ముజావర్ తాత చేయి కాస్త సాయం చేసిందేమో, నేనైతే అడగలేదు. పీరు మాట కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. ఇప్పుడది ఆనవాయితీ అయిపోయింది.

తప్పెట్ల పంక్తి

తప్పెట్లు లేకపోతే పీరు కదలదు, పులి ఆడదు. మరి తప్పెటగాళ్ళకు అన్నం ఎప్పుడు పెడతారు? అందరూ తిన్నాక, ఎక్కడో గోడ పక్కన. ఒక ఏడు కత్తల్ రాత్రి (పదో రోజుకు ముందు రాత్రి) ఇలాగే మరిచిపోయాం. వాళ్ళు ఏమీ అనలేదు. నడివీధిలో తప్పెట్లు నేల మీద బోర్లించి, బీడీలు ముట్టించి కూర్చున్నారు. పీరు ఆగింది, పులి ఆగింది, ఊరంతా ఆగింది. ముప్పావుగంట.

అప్పటి నుంచి నియమం ఒకటే. ఊరేగింపు కదలకముందే మొదటి పంక్తిలో అందరితో పాటు వాళ్ళు. కూలి సగం ముందే, మిగతా సగం జలధి రోజు (పీర్లను నీళ్ళకు తీసుకుపోయే పదో రోజు) సాయంత్రం, చందా వసూలైందా లేదా అనే కథలు చెప్పకుండా. తప్పెట మంట దగ్గర కాచుకోవడానికి గడ్డి, చెత్త కూడా వీధి వీధికీ సిద్ధంగా ఉంచండి. చర్మం చల్లబడితే మోత రాదు. డీజే పెడదామని కుర్రాళ్ళు ఏటా అడుగుతారు. నేను ఏటా వద్దంటాను. డీజే బండి కాలనీ సందులో పట్టదు. నాకు ఆ కారణం చాలు.

పులి

పులివేషం సరదాకు వేసేవాళ్ళు కొందరు, మొక్కుకు వేసేవాళ్ళు ఎక్కువ. బిడ్డకు జబ్బు నయమైతే తండ్రి పులి అవుతాడు, ఒక్కోసారి ఆ బిడ్డ కూడా పక్కన పులిపిల్ల అవుతాడు.

రంగు దగ్గర జాగ్రత్త. మా చిన్నప్పుడు తలుపులకు వేసే ఆయిల్ పెయింటే ఒంటికి పూసేవాళ్ళు. తుడవడానికి కిరోసిన్. మా తమ్ముడి కొడుకు ఒకసారి అలా పూసుకుని వారం రోజులు చొక్కా వేసుకోలేకపోయాడు. ఇప్పుడు ఒంటికి వాడే రంగులు దొరుకుతాయి, అవే కొనండి. ముందు ఒళ్ళంతా కొబ్బరినూనె, ఒక రోజు ముందు మోచేతి లోపల కొంచెం రాసి దురద వస్తుందేమో చూడటం. ఇంకోటి, ఒళ్ళు మొత్తం పూయకండి. చెమట పోయే దారి ఉండాలి. నడుము చుట్టూ పులి చారల గుడ్డ చుడితే సగం రంగు మిగులుతుంది, మనిషీ మిగులుతాడు.

పులికి తోడుగా ఒక మనిషిని పెట్టండి. మజ్జిగ తాగించడానికి, జనం గుచ్చే నోట్లు తీసి దాచడానికి. ఇంకా, రంగు ఆరేదాకా కూర్చోలేని పులిని పక్కకు తీసుకుపోయి ఒంటికి పోసుకురావడానికి. నవ్వకండి, పులివేషం వేసినవాణ్ణి అడగండి, వాడికి పెద్ద టెన్షన్ ఇదే.

ఆడేచోట, ఆపేచోట

ఇది సంబరమా, సంతాపమా అని అడుగుతారు. రెండూ. 680లో కర్బలాలో ఇమాం హుస్సేన్‌ను, ఆయన వాళ్ళను దాహంతో మాడ్చి చంపిన రోజులివి. అందుకే ఈ పది రోజులూ దారిన పోయేవాడికి పానకం ఇస్తాం. ముజావర్ చేయెత్తితే తప్పెట ఆగాలి, పులి కూడా నిలబడాలి. చదివింపు అయ్యాక మళ్ళీ కొట్టుకోవచ్చు. ఇది ముందే తప్పెటగాళ్ళకు, పులులకు చెప్పి పెట్టండి.

ముస్లింలలోనే ఈ పండగ చేయకూడదనేవాళ్ళు ఉన్నారు. మా ఊళ్ళో రెండిళ్ళవాళ్ళు తలుపు తీయరు. ఆ ఇళ్ళ ముందు ఆగొద్దు, చందా అడగొద్దు, నమాజు వేళ మసీదు పక్క సందులో తప్పెట కొట్టొద్దు. మరుసటి రోజు వాళ్ళ కొట్లోనే బెల్లం కొంటాం, వాళ్ళే తూకం మొగ్గేట్టు వేసి ఇస్తారు.

మలీద (రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి చేసే ప్రసాదం) గురించి ఆడవాళ్ళను అడగండి, నాకంటే బాగా చెబుతారు. నాకు తెలిసిందల్లా రొట్టెలు వేడి మీదే నలపాలి, బెల్లం తురిమి కలపాలి, నెయ్యి చివర్లో. చల్లారాక నలిపితే రొట్టె పలుకులు పలుకులుగా ఉండిపోతుంది, పిల్లలు బెల్లం ఏరుకుని తిని మిగతాది పారేస్తారు.

జలధి తర్వాత

పదో రోజు సాయంత్రం పీర్లను నీళ్ళకు తీసుకుపోతాం. మా చెరువులో నీళ్ళుండే ఏళ్ళు తక్కువ. లేనప్పుడు బోరు దగ్గర తొట్టి నింపించండి, ఆ ఏర్పాటు పొద్దున్నే చూసుకోండి. సాయంత్రం కరెంటు ఉంటుందని నమ్మొద్దు. తిరిగొచ్చేటప్పుడు తప్పెట్లుండవు. పీర్లు గుడ్డల్లో చుట్టుకుని చేతుల మీద వస్తాయి. అప్పటిదాకా అరిచిన ఊరు గమ్మునైపోతుంది. ఆ నడకకు మీ ఏర్పాట్లేమీ అక్కర్లేదు, వెనక నడవండి చాలు.

పీర్లు పెట్టెలోకి పోయాక మీ పని మళ్ళీ మొదలు. గుండం ఆ రాత్రికి రాత్రే పూడ్చండి, బూడిద కింద నిప్పు రెండు రోజులుంటుంది. ముందు నీళ్ళు పోసి, తర్వాత మట్టి. కాగితం ప్లేట్లు, గ్లాసులు ఏరడానికి పులులను పిలవండి, రంగు కడుక్కునేలోపే.

జలధి తర్వాత మూడో రోజు జరిగే జియారత్‌లోపు లెక్క చావిడి గోడ మీది నల్లబోర్డు మీద సుద్దతో రాయాలి. వచ్చింది ఎంత, పోయింది ఎంత, ఎవరి పేరు మీద ఏమి. పది రూపాయలు ఇచ్చినామె పేరు కూడా. ఆమె చదవలేకపోయినా మనవడితో చదివించుకుంటుంది, నేను చూశాను. మిగులు ఉంటే ఎంతో, తక్కువ పడితే ఎవరి జేబులోంచి వేశారో, అది కూడా. ఆ బోర్డు ఎవరూ తుడవకూడదు, వాన పడి చెరిగేదాకా ఉండాలి. మా వైపు వానకు అంత తొందరేమీ లేదు.